నల్లమల, సోమశిల, రాచకొండ: ఎవరు ఎటు వెళ్తే మంచిది, అక్కడి ఊళ్ళకు ఏది మేలు

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్ళే దారిలో మన్ననూరు చెక్‌పోస్టు గేటు రాత్రి తొమ్మిదింటికి పడితే మళ్ళీ పొద్దున ఆరింటికే లేస్తుంది. అటువైపు దోమలపెంట దగ్గరా ఇదే పద్ధతి. ఎనిమిదిన్నర దాటాక ఆ గేటు చేరుకోవాలని కార్లు ఎంత వేగంగా వస్తాయో మా అచ్చంపేట వైపు అందరికీ తెలుసు. గేటు దగ్గర ఆగిపోయినవాళ్ళు చిరాకు పడుతుంటారు. రాత్రిపూట ఆ రోడ్డు దుప్పులది, ఎలుగుబంట్లది, చిరుతలది, పులులది. పగలంతా మన బండ్ల కోసం అవి పక్కకు జరుగుతాయి. రాత్రి తొమ్మిది గంటలపాటు మనం జరగాలి. ఈ మాట మనసుకు ఎక్కినవాళ్ళకు ఈ కొండల్లో ఎక్కడికి వెళ్ళాలో, ఎక్కడికి వెళ్ళకూడదో సగం తెలిసినట్టే.

శని, ఆదివారాలు కలిపి ఎటైనా వెళ్దామనుకునే కుటుంబాలు, కాలేజీ పిల్లలు, ఆఫీసు బృందాలు దక్షిణ తెలంగాణలో కొండల వైపు ఎక్కువగా చూస్తున్న చోట్లు నాలుగైదు ఉన్నాయి. మన్ననూరు, ఫరహాబాద్ వైపు నల్లమల ఒకటి. కొల్లాపూర్ పక్కన కృష్ణ ఒడ్డున సోమశిల ఇంకొకటి. నల్లగొండ వైపు రాచకొండ, దేవరకొండ గుట్టలు. వీటికి తోడు చైత్ర పున్నమికి సలేశ్వరం జాతర, ఈమధ్య అడవి అంచుల్లో పుట్టుకొస్తున్న రిసార్టులు. ఫోటోలు చూసి ఎంచుకుంటే అన్నీ బాగానే ఉంటాయి. నేను మాత్రం ఎవరు అడిగినా ముందు డబ్బు గురించి అడుగుతాను. మీరు ఖర్చుపెట్టే పైసల్లో ఆ కొండ మీద బతికేవాళ్ళ చేతికి ఎంత పోతుంది? మీరు వచ్చిపోయాక మిగిలే చెత్త ఎవరు ఎత్తాలి? మీరు తాగే, స్నానం చేసే నీళ్ళు ఏ బోరు నుంచి, ఏ చెలిమె నుంచి వస్తున్నాయి? ఈ మూడింటికి జవాబు తెలిస్తే ఎంపిక తేలికైపోతుంది.

మన్ననూరు: మొదటిసారి వెళ్ళేవాళ్ళకు నా మొదటి మాట

అమ్రాబాద్ టైగర్ రిజర్వు విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో 2,166 దాకా కోర్ ఏరియానే, అంటే పులుల కోసం విడిచిపెట్టిన లోపలి అడవి. 1983లో ప్రకటించిన నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగంగా ఉండి, రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ పేరుతో వేరే రిజర్వు అయింది. మన్ననూరు దీనికి వాకిలి. 2021 నుంచి ఫారెస్టు డిపార్ట్‌మెంట్ ఇక్కడ రాత్రి బస, సఫారీ, నడక కలిపి ఒక ప్యాకేజీగా ఇస్తోంది. ఆన్‌లైన్‌లోనే బుక్ చేసుకోవాలి. కాటేజీలు ఉన్నాయి, మట్టి ఇళ్ళున్నాయి.

ఈ ఏర్పాటును నేను పైన పెట్టడానికి కారణం సౌకర్యాలు కాదు. సౌకర్యాల్లో దీన్ని మించిన రిసార్టులు చాలా ఉన్నాయి. ఇక్కడ సఫారీ బండి డిపార్ట్‌మెంట్‌ది. మన కారు లోపలికి పోదు. కాబట్టి ఒకేసారి ఎన్ని బండ్లు అడవిలో ఉండాలో వాళ్ళ చేతిలో ఉంటుంది. గైడ్లుగా వచ్చే కుర్రాళ్ళలో ఎక్కువమంది ఇక్కడి చెంచు పిల్లలే. ఏ చెట్టుకు తొర్ర ఉంది, ఏ నీటిగుంట దగ్గర పొద్దున అడుగుజాడలు పడ్డాయి అన్నది వాళ్ళకు పుస్తకం చదివితే వచ్చిన తెలివి కాదు, అమ్మానాన్నల వెంట తేనెకు, గడ్డలకు తిరిగి తెచ్చుకున్నది. ఆ తెలివికి నెలనెలా జీతం వస్తుందంటే వాళ్ళు ఊరు విడిచి కూలికి పోవాల్సిన అవసరం కొంతైనా తగ్గుతుంది. మనం కట్టే రుసుములో ఇంతకంటే మంచి ఖర్చు నాకు కనిపించదు.

పులి కనిపిస్తుందా అని అందరూ అడుగుతారు. పులి కోసమే అయితే మధ్య భారతంలోని మైదానపు అడవులకు వెళ్ళడం మంచిది. నల్లమల అంతా లోయలు, రాళ్ళు, దట్టమైన వెదురు. ఇక్కడ పులి మనల్ని చూస్తుంది, మనం దాన్ని చూడటం అరుదు. దుప్పులు, కణుజులు, నెమళ్ళు కనిపిస్తాయి. ఫరహాబాద్ దగ్గర 2017 నుంచి మూషిక జింకలను పెంచి అడవిలోకి వదులుతున్నారు. కుందేలంత జంతువు అది, ఈ అడవిలో దాదాపు కనుమరుగైన దశలో హైదరాబాద్ జూలో పెంచి మళ్ళీ ఇక్కడికి తెచ్చారు. గైడును ఈ కథ అడగండి. పులి గురించి అడిగితే రెండు ముక్కల్లో జవాబు వస్తుంది. దీని గురించి అడిగితే అరగంట మాట్లాడతాడు.

ఫరహాబాద్ వ్యూ పాయింట్ నుంచి కిందికి చూస్తే మైదానంలో చెరువులు, చెలకలు, దూరంగా ఊళ్ళు కనిపిస్తాయి. నిజాం వేసవికి, వేటకు వచ్చిన చోటది. పాత బంగ్లా శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ కాలంలో ఈ అడవి కొందరికి వేటస్థలం. ఇప్పుడు టికెట్ కొన్న ఎవరికైనా చూసే హక్కు ఉంది. ఈ మార్పుకు తగినట్టు ప్రవర్తించే బాధ్యత కూడా మనదే అని నేను నమ్ముతాను.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. గదులు తక్కువ, సెలవుల్లో దొరకవు. వానకాలంలో, మామూలుగా జూలై నుంచి సెప్టెంబరు దాకా సఫారీ మూసేస్తారు. జంతువులు జతకట్టే, పిల్లల్ని పెట్టే కాలం కాబట్టి ఇది సరైన పనే. భోజనం సాదాగా ఉంటుంది. ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు సఫారీ బండి కుదుపులు కష్టం. చంటిపిల్లలతో వెళ్ళేవాళ్ళు ఎండాకాలం వద్దనుకోవడం మంచిది.

దారిలోనే ఉన్న ఉమామహేశ్వరం గుడి, వటవర్లపల్లి నుంచి లోపలికి వెళ్ళే మల్లెల తీర్థం జలపాతం గురించి రెండు మాటలు. ఉమామహేశ్వరం శ్రీశైలానికి ఉత్తర ద్వారం, రంగాపూర్ నుంచి కొండపైకి రోడ్డుంది, పెద్దవాళ్ళను తీసుకెళ్ళడానికి అదే నయం. మల్లెల తీర్థానికి మూడు వందలకు పైగా మెట్లు దిగాలి, మళ్ళీ ఎక్కాలి. వానల తర్వాత కొన్ని నెలలు నీళ్ళు బాగుంటాయి, ఎండాకాలం సన్నటి ధారే. అక్కడ లోతు తెలియక ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. నీళ్ళలో దిగినా సబ్బు, షాంపూ వాడకండి. ఆ నీళ్ళు కింద జంతువులు తాగేవే.

పెంటల్లోకి వెళ్ళాలా?

చెంచుల గూడేలను పెంటలంటారు. అప్పాపూర్, మల్లాపూర్ లాంటి పెంటలు కోర్ ఏరియాలో ఉన్నాయి. ప్రభుత్వం ఆదిమ గిరిజన తెగగా గుర్తించిన ప్రజలు వీళ్ళు. "చెంచుల జీవనం చూడాలి" అని అడిగేవాళ్ళు ఏటేటా పెరుగుతున్నారు. కొందరు మంచి మనసుతోనే అడుగుతారు. పాత బట్టలు, బిస్కెట్ ప్యాకెట్లు కారు డిక్కీలో వేసుకుని వస్తారు.

నా సలహా ఏమిటంటే, అనుమతి లేకుండా వెళ్ళొద్దు. అనుమతి ఉన్నా పిలుపు లేకుండా వెళ్ళొద్దు. ఒక ఇంటి ముందు నిలబడి లోపల ఉన్న ముసలమ్మను, పాలిచ్చే తల్లిని ఫోన్‌లో తీయడం మన వీధిలో ఎవరైనా చేస్తే ఊరుకుంటామా? అడవిలో ఉన్నారు కాబట్టి వాళ్ళ గుమ్మం మనకు ప్రదర్శన అయిపోదు. బట్టలు, తినుబండారాలు పంచడం వల్ల పిల్లలకు బండి శబ్దం వినగానే రోడ్డుకు పరిగెత్తే అలవాటు అవుతోంది. ఇవ్వాలనిపిస్తే అచ్చంపేటలోనో మన్ననూరులోనో ఉన్న ఆశ్రమ పాఠశాలకు వెళ్ళి ఏం కావాలో అడిగి ఇవ్వండి. చెంచులతో మాట్లాడాలనుంటే గైడుతో నడకకు వెళ్ళండి. అక్కడ వాళ్ళు చెప్పేవాళ్ళు, మనం వినేవాళ్ళం. కలవడానికి అదే సరైన తీరు.

ఇంకో విషయం కూడా గుర్తుంచుకోవాలి. కోర్ ఏరియాలోని సార్లపల్లి, కుడిచింతలబైలు లాంటి ఊళ్ళను బయటికి తరలించే మాట నడుస్తోంది, కుటుంబానికి 15 లక్షల రూపాయల ప్యాకేజీ ఉంది. కొందరు ఒప్పుకుంటున్నారు, కొందరు పుట్టిన నేల విడవలేమంటున్నారు. ఇలాంటి టైంలో వాళ్ళ ఇళ్ళ మధ్యకు పోయి "పోతారా, ఉంటారా" అని ఆరా తీయడం మన పని కాదు. 2019లో యురేనియం తవ్వకాలు వద్దని రోడ్డెక్కి ఈ అడవిని నిలబెట్టుకున్నది ఈ ఊళ్ళవాళ్ళే. ఆ సెప్టెంబరులో అసెంబ్లీ కూడా తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. మనం ఈ రోజు సఫారీ బండిలో కూర్చోగలుగుతున్నామంటే అందులో వాళ్ళ పాలు పెద్దది.

సలేశ్వరం: భక్తి ఉంటేనే

చైత్ర పున్నమి చుట్టూ కొద్ది రోజులే తెరుచుకునే దారి ఇది. మిగతా ఏడాదంతా అది పులుల జాగ, ఎవరినీ పోనివ్వరు. రెండు ఎత్తైన కొండచరియల మధ్య లోయలోకి దిగితే పైనుంచి జలధార, గుహలో లింగమయ్య. పూజ చేసేది చెంచులే. రాళ్ళ మీద కిలోమీటర్ల కొద్దీ నడక. దిగేవాళ్ళు "వస్తున్నం లింగమయ్యా" అంటే ఎక్కేవాళ్ళు "పోతున్నం లింగమయ్యా" అంటారు. ఆ కేక లోయంతా తిరిగి వస్తుంది. ఒకసారి విన్నవాళ్ళు మరిచిపోరు.

ఈ జాతరను తెలంగాణ అమర్‌నాథ్ అని ప్రచారం చేయడం మొదలయ్యాక ట్రెక్కింగ్ కోసం, వీడియోల కోసం వచ్చేవాళ్ళు బాగా పెరిగారు. నాకు ఇక్కడే బాధ. ఏప్రిల్‌లో ఆకు రాలి అడవి అంతా ఎండి ఉంటుంది. ఒక్క బీడీ ముక్క చాలు, ఎకరాలకు ఎకరాలు కాలిపోవడానికి. నీటిగుంటలు ఎండే కాలం కాబట్టి జంతువులు లోయల్లోని నీళ్ళకు వచ్చేది అప్పుడే. సరిగ్గా అదే చోటికి, అదే రోజుల్లో వేలమంది దిగుతాం. వాటర్ ప్యాకెట్లు, డిస్పోజబుల్ ప్లేట్లు, పూజ కవర్లు దారి పొడవునా పడి ఉంటాయి. ఉప్పు రుచికి దుప్పులు చిప్స్ కవర్లు నమిలి మింగుతాయి. అవి కడుపులో ఇరుక్కుపోతాయి.

తరతరాలుగా మొక్కు ఉన్నవాళ్ళు, లింగమయ్య మీద నమ్మకంతో నడిచేవాళ్ళు వెళ్ళాలి. వాళ్ళ జాతర అది, ఎవరూ ఆపకూడదు. కేవలం జలపాతం చూడాలి, కొండ ఎక్కాలి అనుకునేవాళ్ళు దయచేసి దీన్ని వదిలేయండి. వాళ్ళకు రాచకొండ ఉంది, కోయిల్‌కొండ కోట ఉంది, భువనగిరి గుట్ట ఉంది. నల్లమలలోనే తొలి ఏకాదశికి దారి తెరిచే లొద్ది మల్లయ్య క్షేత్రం విషయంలోనూ నా మాట ఇదే.

మొక్కుతో వెళ్ళేవాళ్ళకు కొన్ని మాటలు. కారు బదులు అచ్చంపేట డిపో జాతరకు నడిపే బస్సు ఎక్కండి. స్టీలు సీసాలో నీళ్ళు, గుడ్డ సంచిలో సద్ది తీసుకుపోండి. అన్నదానం చేయాలనుకునే దాతలు మోదుగాకు విస్తర్లు తెప్పించండి. ప్లాస్టిక్ ప్లేటులో పెట్టిన అన్నం ఒక పూటకే పనికొస్తుంది, ఆ ప్లేటు మాత్రం ఎన్నో ఏళ్ళు అడవిలోనే ఉంటుంది. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్ళు ఆ ఎండలో దిగొద్దు. కింద ఏదైనా అయితే పైకి తేవడానికి మనుషుల భుజాలే దిక్కు.

సోమశిల: పెద్దవాళ్ళు, పిల్లలు కలిసి వెళ్ళాలంటే

మూడు తరాలు ఒకే బండిలో బయలుదేరుతుంటే నేను మన్ననూరు బదులు సోమశిలే చెప్తాను. కొల్లాపూర్ నుంచి దగ్గర. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కొండల అంచుదాకా నీళ్ళే. నడవలేని నానమ్మ కూడా గుడి మెట్ల మీద కూర్చుని అంతా చూడొచ్చు. 2024లో కేంద్ర పర్యాటక శాఖ ఆధ్యాత్మిక విభాగంలో ఉత్తమ పర్యాటక గ్రామంగా దీన్ని ఎంపిక చేసింది. ఆ తర్వాత జనం ఇంకా పెరిగారు.

ఆ నీళ్ళ అందం చూసేటప్పుడు దాని కింద ఏముందో తెలిసి ఉండాలి. శ్రీశైలం ప్రాజెక్టు కట్టినప్పుడు కృష్ణ ఒడ్డున ఉన్న ఎన్నో ఊళ్ళు మునిగిపోయాయి. సోమేశ్వరాలయం సహా ఎన్నో గుళ్ళను రాయి రాయి విప్పి పైకి తెచ్చి మళ్ళీ కట్టారు. గుడి అయితే కదిలింది, పొలం కదల్లేదు. ఆ కుటుంబాల్లో చాలామంది ఇప్పుడు ఆ నీళ్ళ మీదే చేపలు పట్టి బతుకుతున్నారు. అందుకే ఇక్కడ డబ్బు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు జవాబు చాలా సులువు. ఊళ్ళోవాళ్ళు నడిపే పడవ ఎక్కండి, ఒడ్డున వేయించి అమ్మే చేపలు తినండి, ఇంట్లో వండి పెట్టేవాళ్ళుంటే ముందురోజే ఫోన్ చేసి జొన్న రొట్టె, చేపల పులుసు చెప్పండి. పర్యాటక శాఖ కాటేజీలు ఉన్నాయి, రాత్రి ఉండేవాళ్ళకు అవి సరిపోతాయి.

పడవ ఎక్కేముందు లైఫ్ జాకెట్ అడగండి. లేదంటే ఎక్కకండి, బేరం కుదిరినా సరే. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. ఆగస్టు తర్వాత నిండితే జనవరి దాకా పడవ ప్రయాణం బాగుంటుంది. ఎండాకాలం నీళ్ళు వెనక్కి పోతే ఒడ్డు బురద, కానీ అప్పుడే అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి నీళ్ళలోంచి బయటపడుతుంది. ఆ కాలానికి వెళ్ళేవాళ్ళు కొల్లాపూర్ బేనిషాన్ మామిడి తోట దగ్గరే కొనుక్కోవచ్చు.

సోమశిలలో నాకు టెన్షన్ పెట్టేవి ఒడ్డున వేసే టెంట్లు, రాత్రి డీజే పాటలు, మందు పార్టీలు. నీళ్ళ మీద శబ్దం చాలా దూరం పోతుంది. అవతల నల్లమల. పైగా తెల్లవారుజామున వలలు తీయడానికి పోయే మనిషికి నిద్ర ఉండదు. పగిలిన సీసా ముక్కలు ఒడ్డున చెప్పుల్లేకుండా తిరిగే జాలరి పిల్లల కాళ్ళకు గుచ్చుకుంటాయి. నల్లగొండ జిల్లాలో సాగర్ వెనుక జలాల ఒడ్డున ఉన్న వైజాగ్ కాలనీకి కూడా ఇదే వర్తిస్తుంది. చేపలకు, నీళ్ళకు అది మంచి చోటు. ఆదివారం కాకుండా వేరే రోజు వెళ్ళగలిగితే ఊరికీ, మీకూ హాయి.

రాచకొండ, దేవరకొండ: ఒక్కరోజే ఉంటే

రాత్రి బస అక్కర్లేదు, పొద్దున పోయి సాయంత్రానికి రావాలి, కాళ్ళు నొప్పి పుట్టేలా నడవాలి అనుకునేవాళ్ళకు నల్లగొండ వైపు గుట్టలు చాలా మంచివి. రాచకొండ అంటే హైదరాబాద్‌లో పోలీస్ కమిషనరేట్‌కు పెట్టిన పేరుగానే ఎక్కువమందికి తెలుసు. ఇది 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకుల రాజధాని. సున్నం లేకుండా పెద్ద పెద్ద బండల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన గోడలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. దేవరకొండ ఆ వంశంలోని మరో శాఖది. ఏడు గుట్టల మధ్య కోట, కిందే పట్నం, బస్సులకు కొదవ లేదు.

పులుల అడవితో పోలిస్తే ఇక్కడ మనవల్ల జరిగే చేటు తక్కువ. అందుకే పెద్ద బృందాలను, కాలేజీ పిల్లలను నేను ఇటే పంపుతాను. అయితే రాచకొండ చుట్టూ లంబాడీ తండాలున్నాయి. ఈ నేల నీళ్ళ కష్టం తెలిసిన నేల. పక్కనే మర్రిగూడ, నారాయణపూర్ మండలాలు ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిపోయిన మనుషుల్ని ఎన్నో దశాబ్దాలు చూశాయి. తండాలో మంచినీళ్ళ బిందె దగ్గర మీ సీసాలు నింపుకోకండి. తాగే నీళ్ళు ఇంటి నుంచే, మనిషికి మూడు లీటర్లకు తక్కువ కాకుండా తెచ్చుకోండి. గుట్ట మీద దుకాణం ఉండదు.

తండాలో ఒకరిని దారి చూపించడానికి మాట్లాడుకుని, రోజు కూలికి తగ్గకుండా ఇవ్వండి. దారి తప్పకుండా ఉంటారు. ఎక్కడ మెట్లబావి ఉంది, ఎక్కడ తేనెతుట్టె ఉంది, ఎటు పోకూడదు అన్నీ అతనే చెప్తాడు. కోటలో రాళ్ళు కదిలించడం, పేర్లు చెక్కడం అసలే వద్దు. గుప్తనిధుల కోసం తవ్వి పాడుచేసిన గుంతలు అక్కడ ఇప్పటికే చాలా ఉన్నాయి. ఊళ్ళోవాళ్ళు కొత్తవాళ్ళను అనుమానంగా చూసేది అందుకే. ముందుగా తండా దగ్గర ఆగి, పలకరించి, ఎందుకొచ్చామో చెప్పి ఎక్కితే ఆ అనుమానం ఉండదు.

సెప్టెంబరు నుంచి నవంబరు దాకా వెళ్తే గుట్టలన్నీ సీతాఫలాలు. రోడ్డు పక్కన గంపలు పెట్టుకుని కూర్చునే ఆడవాళ్ళు పొద్దున్నే గుట్ట ఎక్కి తెంపుకొచ్చినవే. అక్కడ బేరం ఆడకండి. అదే పండు హైదరాబాద్‌లో ఏ ధరకు కొంటున్నారో ఒకసారి గుర్తు చేసుకుంటే చాలు. మీరే చెట్టెక్కి తెంపుకోవడం సరదాగా ఉంటుంది కానీ, అది వాళ్ళ రెండు నెలల సంపాదన.

అడవి అంచు రిసార్టులు

వీటన్నిటినీ ఒకే గాటన కట్టను. కొన్ని పద్ధతిగా నడుస్తున్నాయి. బుక్ చేసేముందు ఫోన్‌లో అడగాల్సినవి అడగండి. పనివాళ్ళలో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఎంతమంది, ఏ పనుల్లో? ఊడ్చే పనికే పెట్టుకున్నారా, వంటలోనూ రిసెప్షన్‌లోనూ ఉన్నారా? చెత్త ఎటు పంపుతారు? కాల్చేస్తామంటే అక్కడితో ఫోన్ పెట్టేయండి. స్విమ్మింగ్ పూల్ ఉంటే అందులోకి నీళ్ళు ఎక్కడివి? మన మెట్ట ప్రాంతంలో ఒక పెద్ద బోరు పడితే పక్క చెలక రైతు బోరు ఎండిపోవడం అందరం చూసిందే. "నైట్ సఫారీ చేయిస్తాం, జంతువులను చూపిస్తాం" అన్నారంటే అది నిబంధనలకు విరుద్ధం. రాత్రి టార్చి లైట్లు వేసి జంతువుల వెంట పడటం వేటకు దగ్గరి చుట్టం.

క్యాంప్ ఫైర్ ఇస్తామంటే ఫిబ్రవరి నుంచి జూన్ తొలి వానల దాకా వద్దని మీరే చెప్పండి. కట్టెలు అడవివే కావచ్చు, నిప్పురవ్వ గాలికి ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. ఇన్ని ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబు చెప్పే రిసార్టు దొరికితే అక్కడే ఉండండి, మీ స్నేహితులకూ చెప్పండి. మంచి పద్ధతికి గిరాకీ ఉందని వాళ్ళకు తెలియాలి.

బస్సా, కారా?

ఇద్దరు ముగ్గురైతే బస్సే. హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండు నుంచి అచ్చంపేట, శ్రీశైలం, దేవరకొండ, కొల్లాపూర్ బస్సులు రోజంతా ఉంటాయి. 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్ళకు రాష్ట్రం లోపల టికెట్ డబ్బులు లేవు. ఆ మిగిలిన పైసలు ఊళ్ళో ఆటోకు, గైడుకు, భోజనానికి పెడితే అక్కడి ఇళ్ళకే చేరతాయి. రాచకొండకు మాత్రం నేరుగా బస్సు నమ్ముకుంటే కష్టం, నలుగురు కలిసి ఒక కారులో వెళ్ళడమే నయం.

కారులో నల్లమల దాటేవాళ్ళు నెమ్మదిగా నడపండి. రోడ్డు పక్కన కోతులకు అరటిపళ్ళు, బిస్కెట్లు విసరకండి. పుణ్యం అనుకుని చేసే ఈ పని వల్లనే అవి రోడ్డు మీదికి అలవాటుపడి చక్రాల కింద పడుతున్నాయి. పిల్లను పొట్టకు కరుచుకున్న తల్లి కోతులు కూడా. అడవిలో వాటికి ఫలాలకు కరువు లేదు. రిజర్వులో ప్లాస్టిక్ మీద నిషేధం ఉంది, చెక్‌పోస్టు దగ్గర రుసుము కడతాం. రుసుము కట్టాం కదా అని సీసాలు బయట పడేసే హక్కు రాదు. బండిలో ఒక గోనె సంచి పెట్టుకుని చెత్తంతా ఇంటికే తెచ్చుకోండి. అచ్చంపేటలో పడేసి పోవడం కూడా వద్దు, మా మున్సిపాలిటీకి మా చెత్తే ఎక్కువ.

కొనాల్సింది ఏదైనా ఉంటే

తేనె. నల్లమల తేనె అంటే చెంచులు కొండచరియల మీద తాళ్ళకు వేలాడుతూ, పొగ పెట్టి, ప్రాణాలు పణంగా పెట్టి తెచ్చేది. హైవే పక్కన తుట్టెను బకెట్‌లో చూపించి అమ్మే ప్రతిదీ నల్లమల తేనె అనుకోవద్దు. బెల్లం పాకం కలిపినవి ఉంటాయి. జీసీసీ (గిరిజన సహకార సంస్థ) దుకాణంలో కొనండి, లేదా మీ గైడుకు తెలిసిన కుటుంబం దగ్గర. ధర ఎక్కువ అనిపించినా సరే. ఇప్పపువ్వు లడ్డూలు, సారపప్పు దొరికితే అవీ తీసుకోండి. అడవి నుంచి మీరు స్వయంగా ఏదీ తేవొద్దు. గైడు ఇచ్చినా నెమలీక, కొమ్ము ముక్క, ముళ్ళపంది ముల్లు తీసుకోవద్దు. చెక్‌పోస్టు దగ్గర దొరికితే అతని ఉద్యోగం పోతుంది.